చేతిలోది మనిషితోనే

మద్రాసులో నాకు పని నేర్పినాయన చెంప మీద ఒకటిచ్చి మరీ చెప్పిన మాట అది. చేతిలోది మనిషితోనే పోవాలి.

అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు. రేపల్లె దగ్గర మా ఊళ్ళో మూడో తరగతితో చదువు ఆగిపోయింది. గీత వణక్కుండా గీస్తానని కోడంబాకంలో మాస్కు గదిలో పెట్టుకున్నారు. ఒక పౌరాణికంలో యక్షుడు గద పట్టుకుని నడుస్తూ నడుస్తూ మాయం కావాలి. దానికి ఫిలిం మీది ఒక్కో బొమ్మనీ కాగితం మీదికి పెద్దదిగా వేసి, మనిషి చుట్టూ గీత గీసి, లోపలంతా నల్లరంగు నింపాలి. ఆ నలుపును మాస్కు అంటారు. దాన్ని అడ్డం పెట్టి అచ్చేస్తే అక్కడ మనిషి పడడు, ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో వెనకాల గోడను విడిగా అచ్చేస్తారు. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. నేను మనిషి చుట్టూ గీశాను. గద మనిషి కాదు కదా అని వదిలేశాను. ప్రివ్యూలో యక్షుడు పోయాడు, గద ఒక్కటే గాల్లో ఊగుతూ గుమ్మం దాకా నడిచింది. నిర్మాత బావమరిది కుర్చీలోంచి జారిపడి నవ్వాడు.

చెంపదెబ్బ ఆ సాయంత్రం పడింది. ఆ తర్వాత నా బతుకులో మళ్ళీ ఏదీ గాల్లో వేలాడలేదు. వీణ, శంఖం, కత్తి, గొడుగు, పళ్ళెం, ఏది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళతోనే పోయింది. మాస్కు అంకయ్య అని పేరు పడ్డాను.

మా గది మూతపడ్డాక హైదరాబాదు వచ్చి కృష్ణానగర్‌లో కాపురం పెట్టాం. సీరియళ్ళకీ పెళ్ళి వీడియోలకీ అవే మాస్కులు కంప్యూటర్ మీద గీసేవాణ్ణి. అక్కణ్ణుంచి నన్ను కొండాపూర్‌లో ఒక ప్రయోగశాలకు తీసుకెళ్ళింది ప్రవళిక. అక్కడ పనిచేసే జమ్మికుంట పిల్ల. పెద్ద చదువు చదివినా నా పక్కన నేల మీద కూర్చుని టీ తాగేది.

వాళ్ళు కంటిపొర తయారుచేస్తున్నారు. కంట్లో పెట్టుకునే పల్చటి పొర, చెవి వెనక శనగబద్దంత యంత్రం. ఒక మనిషి ముఖాన్ని దానికి చూపించి పెట్టుకుంటే, ఆ తర్వాత ఆ మనిషి ఎదురుగా నిలబడినా కనబడడు. అతని వెనక గోడ కనబడుతుంది. యంత్రం అంతకుముందు చూసి దాచుకున్న గోడను ఆ ఖాళీలో అతికిస్తుంది. మా మాస్కు పనే అది, ఫిలిం బదులు కన్ను. తమను పాడుచేసినవాణ్ణి కోర్టులో ఎదురుగా చూడలేని ఆడపిల్లల కోసం అని మొదలుపెట్టారు. తర్వాత అందరికీ అమ్మాలనుకున్నారు. రెండు గదుల ఇంట్లో పడని మనుషులు ఉంటారు, ఎక్కడికీ పోలేరు, కనీసం కనబడకుండా ఉంటే చాలు. ఒక పొరకు ఒక్క మనిషి.

చిక్కేమిటంటే యంత్రానికి అంచు తెలియలేదు. జుట్టు దగ్గర, పైట దగ్గర తడబడేది. సగం చెయ్యి వదిలేసేది.

"తాతా, మనిషి యాడ అయిపోతడో దీనికి సమజైతలేదు" అంది ప్రవళిక.

రెండేళ్ళు నేను అద్దం పలక ముందు కూర్చుని, కలంతో అంచులు గీసి దానికి చూపించాను. పదకొండు వేల బొమ్మలు. కళ్ళజోడు మనిషితోనే. సంచీ మనిషితోనే. కాఫీ గ్లాసు, కొంగు, కర్ర, అన్నీ మనిషితోనే. ఒకరోజు ఒక బొమ్మ వచ్చింది. తల్లి చంకన బిడ్డ. కలం ఆగింది. ఎవర్నయినా అడుగుదామనిపించింది. అడగడం నాకు చేతకాదు. బిడ్డను కూడా కలిపి ఒకటే గీత గీశాను. అలాంటివి నలభై దాకా వచ్చాయి. అన్నిటికీ అదే గీత.

పొర అమ్మకానికి వచ్చిన రోజున, పనిచేసినవాళ్ళందరికీ ఒక్కో పెట్టె ఇచ్చారు. తెచ్చి బీరువా మీద పెట్టాను. దాన్ని ఎవరు దించుతారో అప్పుడు ఆలోచించలేదు.

మా ఇంట్లో ముగ్గురం. నేను, నా కూతురు వసుంధర, దాని కూతురు లాస్య. అల్లుడు పోయి నాలుగేళ్ళు. వసుంధర సీరియళ్ళకు గొంతు ఇస్తుంది. రోజంతా ఇంకొకరి ఏడుపు ఏడ్చి ఇంటికొస్తుంది. వచ్చాక కూడా గలగలా మాట్లాడుతుంది, వాళ్ళమ్మ పోలిక. నేను వింటాను. నా నోటినుంచి మాట రావాలంటే బావిలో పడిన చేదను పాతాళగరిగెతో తీసినట్టుంటుందని వాళ్ళమ్మ అనేది.

దాని స్టూడియోలో శేషగిరి అని సౌండు చూసేవాడు ఉండేవాడు. మంచివాడు. వసుంధరను చేసుకుంటానని ఒక ఆదివారం తల్లినీ మేనమామనూ వెంటబెట్టుకుని వచ్చాడు. కాఫీలు తాగారు. మేనమామ నావైపు తిరిగి, "మరి మీరేమంటారండీ?" అన్నాడు.

నాకు ఇష్టమే. అడగాలనుకున్నది ఒకటే, లాస్యను కూడా మీతోనే ఉంచుకుంటారా అని. దాన్ని ఎలా అడిగితే తప్పుగా అనుకోరో వెతుక్కుంటున్నాను. తలూపాననే అనుకున్నాను, ఊపానో లేదో. శేషగిరి తల్లి గ్లాసు కింద పెట్టి, "పెద్దాయనకి మనసు లేనట్టుంది" అంది. మర్యాదగానే లేచి వెళ్ళిపోయారు. ఆషాఢం దాటగానే అతనికి నెల్లూరు పిల్లతో పెళ్ళయిపోయింది.

వసుంధర అరవలేదు. అరిచినా బాగుండేది. పెళ్ళి ఫోటో ఎవరో పంపిన రోజున బీరువా మీద పెట్టె దించింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి యంత్రాన్ని నా ముఖానికి ఎదురుగా పెట్టింది. అటు తిరగమంది, ఇటు తిరగమంది. ఆధార్ కార్డు ఫోటో తీసినట్టు తీసుకుంది.

"ఎట్లాగూ మాట్లాడవు. ఇహ కనపడకపోతే మాత్రం పోయేదేముంది నాన్నా" అంది.

పొరలు పెట్టుకుని ఇటు చూసింది. నా వెనక ఉన్న క్యాలెండరును చూసింది. అంచు దగ్గర కన్ను ఎక్కడైనా తడబడుతుందేమోనని నేను గమనించాను. తడబడలేదు. గీత గట్టిగానే ఉంది. గట్టిగా ఉన్నందుకు లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ మాట దాచడం ఎందుకు.

తర్వాత వసుంధర ఆ పొరలు రాత్రుళ్ళు కూడా తీయలేదు. ఇల్లు మామూలుగానే నడిచింది. నాకు కంచం అదే చోట పెట్టేది. కుక్కరన్నం నేను తిననని ఎప్పటినుంచో గిన్నెలో వండి గంజి వారుస్తుంది. నేను కనబడకపోయినా అది మానలేదు. నేను గ్లాసు తీసుకుంటే దానికి గ్లాసు మాయం, కింద పెడితే ప్రత్యక్షం. మొదట్లో ఉలిక్కిపడేది. వారానికి అలవాటైంది. వసుంధర పక్కనుంచి పోతుంటే నేనే గోడకు ఆనుకునేవాణ్ణి. మాట వినబడుతుంది, పొర చూపునే మూస్తుంది. కానీ మాట్లాడేవాడెవడు.

లాస్యకు ఐదేళ్ళు. నేను రెండేళ్ళు గీసినదాన్ని అది రెండు రోజుల్లో కనిపెట్టింది. పాలు తాగమని వసుంధర పిలుస్తోంది. అది నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. వసుంధర వచ్చి ఎదురుగా నిలబడి, "ఎక్కడికి పోయిందీ పిల్ల?" అనుకుంటూ బాల్కనీలోకి వెళ్ళింది.

లాస్య నా చెవిలో అంది. "తాతయ్యా, నిన్ను పట్టుకుంటే నేను కూడా అమ్మకి కనపడను."

నలభై బొమ్మలూ కళ్ళముందు తిరిగాయి. ఆ క్షణాన వసుంధరను పిలిచి చెప్పాల్సింది. రెండు ముక్కలు. చెప్పలేదు. మాట రాలేదని సరిపెట్టుకోవచ్చు గానీ అది పూర్తి నిజం కాదు. ఆ ఇంట్లో నా ముఖం చూసేది అదొక్కతే. పాలకీ హోంవర్కుకీ ముఖం చాటేయాలంటే నా చంక ఎక్కేది. రోజుకు నాలుగుసార్లు. చెబితే వసుంధర దాన్ని నా దగ్గరికి రానివ్వదు. అందుకని నోరు మూసుకున్నాను. నేను బాగా చేయగలిగిన పని అదే.

ప్రయోగశాలకు మాత్రం వెళ్ళాను. అక్కడ పెద్ద కృపాకర్ గారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. బిడ్డను ఎత్తుకుంటే బిడ్డ కూడా పోతోంది, అది నా తప్పు, సరిచేయాలి అని చెప్పాను. నేను అంత పొడుగు మాట మాట్లాడటం చూసి ప్రవళిక నా ముఖం వంక అలాగే చూస్తూ ఉండిపోయింది.

కృపాకర్ గారు విన్నారు. తప్పేమీ లేదన్నారు. చేతిలోవి వదిలేస్తే గ్లాసులు గాల్లో తేలతాయి, జనం హడలిపోతారు, ఆ రూలు పెట్టింది మీరే కదా అన్నారు.

"గ్లాసు వేరు, పాప వేరు సార్" అన్నాను.

"పాప గాల్లో తేలుతుంటే ఎట్లా ఉంటుందో ఆలోచించారా అంకయ్య గారూ?"

ఆలోచించాను. గద గుర్తొచ్చింది. బావమరిది నవ్వు గుర్తొచ్చింది. అయినా తేలనివ్వండి అన్నాను. ఆయన వచ్చే ఏడు కొత్త పొరలో చూద్దామన్నారు, గడియారం చూసుకున్నారు. బయటికొచ్చాక ప్రవళిక నసిగింది.

"గీతలన్నీ నువ్వు గీసినయే గద తాతా. మల్ల నేర్పాలంటే పిల్లల్ని ఎత్తుకున్న బొమ్మలు నాలుగు వేలన్న కావాలె. సారు ఒప్పుకోడు."

బస్సులో కూర్చున్నాక కోపం వచ్చింది. ఆయన మీద, ఆ అద్దాల గది మీద, చెంప మీద కొట్టినాయన మీద. దిగాల్సిన స్టాపు దాటిపోయి యూసుఫ్‌గూడ నుంచి ఎండలో వెనక్కి నడిచాను. దారంతా వసుంధరకు చెప్పాల్సిన మాటలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాను. తలుపు తీసింది. నా వెనక మెట్లను చూసింది. పేర్చుకున్నవన్నీ కూలిపోయాయి. చెప్పులు విప్పి నా మూలకు వెళ్ళి కూర్చున్నాను.

తర్వాతి ఆదివారం. పొద్దున పది దాటింది. లాస్యకు తలంటు. నూనె పెట్టించుకుంది గానీ కుంకుడురసం అంటే దానికి చచ్చేంత భయం. వసుంధర, "అన్నం వార్చి వస్తా, కదలకు" అని వంటింట్లోకి వెళ్ళింది. నేను అక్కడే సింకు పక్కన కుండలో మంచినీళ్ళు ముంచుకుంటున్నాను. మా వంటిల్లు ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిన వంటిల్లు. లాస్య నూనెతో జారుతూ పరుగెత్తుకొచ్చి నా చంక ఎక్కేసింది. నోటి మీద వేలు పెట్టుకుని నవ్వుతోంది.

వసుంధర గుడ్డతో గిన్నె పట్టుకుని సింకువైపు తిరిగింది. దాని కళ్ళకు దారి ఖాళీ. యంత్రం అంతకుముందు చూసిపెట్టుకున్న నేల, అంతకుముందటి గోడ. గిన్నెను పొట్టకు దూరంగా పట్టుకుని గబగబా నడిచింది.

ఆగు అనాలి. రెండు అక్షరాలు. గొంతులోనే ఉన్నాయి.

వీపు తిప్పాను. అంతే చేయగలిగాను. గిన్నె నా భుజానికి కొట్టుకుంది. గంజి వీపంతా కాలుస్తూ దిగింది. లాస్య కుడిపాదం నా నడుం పక్కనుంచి బయటికి ఉంది. దాని మీద కూడా పడింది.

పిల్ల కెవ్వుమంది. వసుంధర గిన్నె వదిలేసింది. అన్నం నేలంతా పరుచుకుంది. "లాస్యా, ఎక్కడున్నావే" అంటూ చుట్టూ తిరిగింది. గట్టు కింద చూసింది. హాల్లోకి పరుగెత్తింది, వెనక్కి వచ్చింది. పిల్ల దాని ముఖానికి మూరెడు దూరంలో ఏడుస్తోంది. "అమ్మా, ఇక్కడే, ఇక్కడే" అంటోంది. వసుంధర ఆ ఏడుపు వైపు చెయ్యి చాపింది. చెయ్యి నా కాలిన భుజానికి తగిలింది. చెవి వెనక యంత్రం పీకేస్తే చూపంతా మసకబారుతుంది, పొరలు తీయాలంటే చుక్కలు వేసుకుని ఐదు నిమిషాలు ఆగాలి. తల్లికి ఐదు నిమిషాలు ఎక్కడివి.

లాస్య భయపడి నా మెడను ఇంకా గట్టిగా కరుచుకుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత మాయమైపోతోంది. నా గీత. రెండేళ్ళు వణక్కుండా గీసిన గీత.

దాన్ని దించాలి. కాళ్ళు నా నడుం చుట్టూ ముడేసింది, వేళ్ళు చొక్కా కాలరులో. ఒక్కో వేలూ విప్పాను. విప్పిన వేలు మళ్ళీ పట్టుకుంటోంది. "తాతయ్యా వద్దు" అంటోంది. నా చెయ్యి కొరికింది. చివరి వేలు ఊడదీసి, దాన్ని గట్టు మీద కూర్చోబెట్టి, రెండడుగులు వెనక్కి వేశాను. చేతులు వీపు వెనక్కి పెట్టుకున్నాను.

అప్పుడు కనబడింది దాని తల్లికి.

డాక్టరు పాదం మానుతుందన్నాడు, మచ్చ ఉంటుందన్నాడు. ఆ మధ్యాహ్నం లాస్య పడుకున్నాక వసుంధర చుక్కలు వేసుకుని పొరలు తీసింది. మూడు వారాల తర్వాత నన్ను చూసింది. వీపు మీది కట్టును చాలాసేపు చూసింది.

"పిల్ల కూడా కనపడదని నీకు ముందే తెలుసా నాన్నా?"

"తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాలు."

వసుంధర లేచి వెళ్ళి అద్దం ముందు నిలబడి పొరలు మళ్ళీ పెట్టుకుంది. తప్పనలేను.

ప్రయోగశాలలో లాస్య పాదం ఫోటో చూపించాను. కృపాకర్ గారు నిజంగానే బాధపడ్డారు. పది రోజుల తర్వాత, పెట్టెతోపాటు ఇచ్చే కాగితంలో ఒక వాక్యం చేర్చారు. పొర వేసుకున్నవారి ఇంట్లో, కనబడకుండా చేసిన మనిషి చేతికి పసిపిల్లల్ని ఇవ్వరాదు. చీమ తలకాయంత అక్షరాలు. నేను కూడబలుక్కుని చదివేసరికి టీ చల్లారిపోయింది. మనిషి చేతికి పిల్లల్ని ఇవ్వొద్దన్నారు గానీ గీత మార్చుదామనలేదు.

ప్రవళిక నా చేతిలోంచి కాగితం లాక్కుని మడిచి పారేసింది. స్టోరు గదిలో పాత పలక ఒకటి తుడిచి పెట్టింది.

"కూసో తాతా. సారుతోని నేను చూసుకుంట."

ఇప్పుడు రోజూ అక్కడ కూర్చుని గీస్తున్నాను. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళ బొమ్మలు ప్రవళిక ఊళ్ళోంచీ తెప్పిస్తోంది, బస్టాండుల్లోనూ తీయిస్తోంది. బిడ్డకూ ఎత్తుకున్న చేతికీ మధ్య గీత. ఇంత కష్టమైన అంచు నేనెప్పుడూ గీయలేదు. తల్లి వేళ్ళు బిడ్డ తొడలోకి దిగిపోయి ఉంటాయి. ఎవరు ఎక్కడ అయిపోతారో చూసి చెప్పడం కుదరదు. చెయ్యి వణుకుతోంది కూడా. మూడువందల పన్నెండు అయ్యాయి. నాలుగు వేలు కావాలి. ఈ లెక్కన నేనుంటానో ఉండనో. ఒక్కోసారి కలం విసిరేయాలనిపిస్తుంది. విసిరి, వంగి తీసుకుంటాను.

ఇంట్లో మాత్రం అంతకాలం ఆగడానికి లేదు. అందుకని మాట్లాడుతున్నాను.

"గుమ్మంలో ఉన్నాను" అంటాను. "మంచం మీద కూర్చున్నాను. లాస్య నా ఎడమ చెయ్యి పట్టుకుంది." "కుండ దగ్గరున్నాను, ఒక్కణ్ణే." మొదటి నాలుగు రోజులు గొంతు బొంగురుపోయింది. ఇన్ని మాటలు నా జన్మలో ఆడి ఉండను.

లాస్యకు నవ్వు. "తాతయ్య రైల్వే స్టేషన్లో చెప్పినట్టు చెప్తాడమ్మా" అంది.

వసుంధర నవ్వలేదు. నేను చెప్పిన చోటును తప్పించుకుని నడిచేది, అంతే. జవాబు లేదు. నెల రోజులు జవాబు లేదు. గోడతో మాట్లాడుతున్నట్టుండేది. వాళ్ళమ్మకూ దీనికీ ఇన్నేళ్ళు నాతో ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు తెలిసింది.

నిన్న పొద్దున వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలో అన్నం ఉడుకుతోంది.

"కిటికీ దగ్గరున్నాను. ఒక్కణ్ణే" అన్నాను.

అక్కడితో ఆగాలి. నోరు ఆగలేదు. అలవాటు పడిన నోరు.

"ఆ రోజు నేను వద్దనలేదమ్మా. పాపను కూడా తీసుకెళ్తారా అని ఎట్లా అడగాలో తెలియక ఆగాను. ఈలోగా వాళ్ళు లేచిపోయారు."

వసుంధర గుడ్డతో గిన్నె ఎత్తి పట్టుకుని నిలబడిపోయింది. ముఖం నిండా ఆవిరి. కిటికీ వైపే చూస్తోంది. నన్ను కాదు, నా వెనక సింకు మీదున్న కిటికీని. అందులో ఎదురింటి నీళ్ళ ట్యాంకు. చాలాసేపు చూసింది. చేతులు కాలతాయేమోనని నాకు భయం వేసింది.

"పక్కకి జరుగు. గంజి వార్చాలి" అంది.

జరిగాను.

"జరిగాను. పొయ్యికి ఇవతల ఉన్నాను" అన్నాను.